ప్లీడరుకి ఇయ్యడానికి డబ్బులేవి?



మనోళ్లకి పోలీసు స్టేషనంటే భయం, కోర్టంటే ఇంకా భయం. భూమి పోయినా, ఇంట్లో మనిషిని జీపెక్కించినా ముందు పరిగెత్తేది సంతలో తెలిసిన షావుకారు దగ్గరికి, లేకపోతే కాగితాలు రాసే బ్రోకరు దగ్గరికి. ఆయన ఖర్చులకని మేకల్ని అమ్మిస్తాడు, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడు. కేసు ఏమయిందో మాత్రం చెప్పడు. "ప్లీడరుకి ఇయ్యడానికి మన దగ్గర డబ్బులేవి?" అనుకోవడం వల్లే ఇదంతా.

1987లో చేసిన న్యాయ సేవల చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్లకి ప్లీడరుని ఉచితంగా పెట్టాలి. ఆదాయంతో పని లేదు. కోర్టు ఫీజు కూడా మనం కట్టక్కర్లేదు. జిల్లా కోర్టు దగ్గర దీనికి ఆఫీసుంది. రాయడం రానివాళ్లు నోటితో చెబితే వాళ్లే రాసుకోవాలి. 15100 కి ఫోను చేసినా దారి చెబుతారు. అరెస్టయిన మనిషికి తనకి నచ్చిన ప్లీడరుతో మాట్లాడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది.

"ఉత్తినే వచ్చే ప్లీడరు సరిగా వాదిస్తాడా?" అని కొందరంటారు. ఆ అనుమానం తప్పు కాదు. అందుకే మనిషిని చూసుకోవాలి. మన మాట పూర్తిగా వింటున్నాడా? 1/70 చట్టం తెలుసా? కాగితాల నకలు ఇస్తున్నాడా? వాయిదా తేదీ చెబుతున్నాడా? ఉచిత ప్లీడరు డబ్బులడిగితే ఆ ఆఫీసులోనే ఫిర్యాదు చేయొచ్చు. హక్కుల సంఘాల వాళ్లనడిగినా మంచి ప్లీడర్ల పేర్లు చెబుతారు. అలాంటోళ్లు ఉన్నారు. బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మాస్టారు. తర్వాత లా చదివి, 2009లో చనిపోయేదాకా పేదల తరఫున కోర్టులో నిలబడ్డారు.

కోర్టుకెళ్తే ఒరిగేదేముంది అనేవాళ్లకి ఒక్క మాట. బొర్రా దగ్గర గనుల మీద 'సమత' సంస్థ వేసిన కేసు హైకోర్టులో పోయింది. సుప్రీంకోర్టుకి వెళితే 1997లో గెలిచింది. షెడ్యూల్డు ఏరియాలో సర్కారు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని తీర్పొచ్చింది.

వార్డెన్ సార్‌కి మనవి: ఆ ఆఫీసు అడ్రసు, 15100 నంబరు నోటీసు బోర్డు మీద రాయించండి. సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరం నోటుబుక్కులో రాసుకుపోయి ఊళ్లో పెద్దలకి చెబుదాం. ఆ నంబరు తెలిసినోడు ఊళ్లో ఒక్కడున్నా, బ్రోకరు తెల్ల కాగితం తియ్యడానికి జంకుతాడు.

– 9వ తరగతి విద్యార్థి