మాటిమాటికీ ఆగి మొదలయ్యే కంప్యూటరు



ఈ శీర్షికలో ఇంటి సంగతులు, పిల్లల సంగతులు మాట్లాడుకుంటూ ఉంటాము. ఈ నెల ఒక యంత్రము సంగతి వ్రాస్తున్నాను. కుటుంబ పత్రికలో యంత్రము సంగతి ఎందుకని అనుకోవద్దు. ఒక ఇంట్లో దానివలన తండ్రికీ కొడుకుకూ మూడు వారాలు సరిగా మాటలు లేవు.

అది మా సంఘములోని ఒక వ్యవసాయ కుటుంబము. అమ్మాయిది డిగ్రీ చివరి సంవత్సరము, అబ్బాయి ఇంటర్మీడియట్. పిల్లల చదువు కోసమని తండ్రి పట్నంలో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు కొని తెచ్చాడు. ఆదివారం ఆరాధనలో గోడ మీద చూపించే పాటలు కూడా ఆ ఇంట్లోనే తయారయ్యేవి. కొన్ని నెలలు బాగానే పనిచేసింది. ఆ తరువాత పని మధ్యలో ఉన్నట్టుండి తెర నల్లబడి, మళ్లీ మొదటి నుండి మొదలవడం ప్రారంభించింది. అమ్మాయి ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు నింపుతుండగా రెండుసార్లు అలాగే జరిగింది. చివరకు ఆ పిల్ల బస్సెక్కి పట్నం వెళ్లి నెట్ సెంటరులో ఆ పని పూర్తి చేసుకుంది.

తండ్రికి కోపం వచ్చింది. "రాత్రిళ్లు ఆటలాడి దీన్ని పాడుచేసింది నువ్వే" అని కొడుకును అందరి ముందూ అన్నాడు. అబ్బాయి "నేను కాదు నాన్నా" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆ ఆదివారం నుండి యౌవనస్థుల కూటమునకు రావడం మానేశాడు.

నేను మెకానిక్కును కాను. బడిలో కంప్యూటరు గదిని కొన్నేళ్లు చూసుకున్నాను, అంతే. వారి ఇంటికి వెళ్లినప్పుడు నేను యంత్రము మూత విప్పలేదు. "ఇది ఎప్పుడు ఆగుతోంది?" అని అడిగాను. "ఎప్పుడు పడితే అప్పుడే" అన్నాడు తండ్రి. "నాకు తొందర పని ఉన్నప్పుడే" అంది అమ్మాయి. అబ్బాయి మాట్లాడలేదు. వంటింటి గుమ్మములో నిలబడిన తల్లి మాత్రం, "సాయంత్రం పూట ఫ్యాను నెమ్మదించినప్పుడల్లా ఇది ఆగుతోందండీ మాష్టారూ" అంది. అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

గోడకు సంఘము వారి క్యాలెండరు వేలాడుతోంది. "అమ్మా, ఒక వారం రోజులు ఇది ఆగినప్పుడల్లా ఆ తేదీ గడిలో గంట వ్రాయండి" అని చెప్పి వచ్చాను. దాని ఫలితము చివర చెబుతాను. ముందుగా, ఇలాంటి ఇబ్బంది మీ ఇంట్లో వస్తే వరుసగా ఏమేమి చూడాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఒకటుంది. యంత్రము నడుస్తున్నంతలోనే పిల్లల సర్టిఫికెట్లు, ఫోటోలు, సంఘము లెక్కలు, ఇలా పోతే తిరిగి రానివన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి పెట్టుకోవాలి. హఠాత్తుగా ఆగడం వలన హార్డ్ డిస్కులో ఉన్నవి చెడిపోయే ప్రమాదము ఉంది.

కంప్యూటరు దానంతట అది మళ్లీ మొదలవడం రెండు రకాలు. ఒకటి, కరెంటు గాని, వేడి గాని, లోపలి భాగము గాని యంత్రమును ఉన్నపాటున పడగొట్టడం. రెండవది, లోపల ఏదో తప్పు జరిగినదని విండోస్ గుర్తించి, తానే ఆపి మళ్లీ మొదలుపెట్టడం. విండోస్ ఆగినప్పుడు నీలి తెర మీద కారణము వ్రాసి చూపిస్తుంది. 2025 నుండి కొత్త విండోస్ 11లో ఆ తెర నల్లగా వస్తోంది. అయితే వెంటనే మళ్లీ మొదలవడం వలన చదివే వ్యవధి ఉండదు. దానిని నిలబెట్టే మార్గము ఉంది. విండోస్ బొమ్మ ఉన్న కీని, ఆర్ కీని కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎస్, వై, ఎస్, డి, ఎమ్, చుక్క, సి, పి, ఎల్ అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. తరువాత "అడ్వాన్స్‌డ్" అనే చోట "స్టార్టప్ అండ్ రికవరీ" కింద "సెట్టింగ్స్" నొక్కి, "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" ఎదుట ఉన్న టిక్కు తీసివేయండి. ఈసారి తప్పు వచ్చినప్పుడు ఆ తెర అలాగే నిలుస్తుంది. అందులో వ్రాసినది కాగితము మీద ఎక్కించుకుంటే బాగుచేసేవారికి సగం పని తగ్గుతుంది.

తెర ఏమీ రాకుండా ఆగిపోతోందా? అయితే ఇంకొక పరీక్ష ఉంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు డిలీట్ కీ గాని ఎఫ్2 కీ గాని నొక్కుతూ ఉంటే, విండోస్ రాకముందే బయోస్ అనే తెర వస్తుంది. అందులో ఏమీ మార్చకుండా అరగంటో గంటో అలాగే వదిలేయండి. అక్కడ కూడా ఆగి మొదలైతే తప్పు విండోస్‌ది కాదు, వైరస్‌ది కాదు, పిల్లలు ఆడిన ఆటలది అసలే కాదు. కరెంటులోనో యంత్రము భాగాలలోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా ఇళ్లలో సగం తగాదా తీరిపోతుంది.

ఇక భాగాల సంగతి.

మొదటిది కరెంటు. మన దేశములో ఇళ్లకు ఇచ్చే కరెంటు 230 వోల్టులు. పల్లెల్లో మోటార్లన్నీ ఒకేసారి వేసే వేళల్లో అది బాగా పడిపోవడం మనకు తెలిసినదే. అందుకనే యూపీఎస్ పెట్టుకుంటాము. కాని దానిలో ఉండే బ్యాటరీకి ఆయుష్షు సాధారణంగా మూడు నుండి ఐదేళ్లే. వేడి గదిలో ఇంకా ముందే అయిపోతుంది. చచ్చిపోయిన బ్యాటరీతో యూపీఎస్ పైకి మామూలుగానే లైటు చూపించవచ్చు. కరెంటు ఒక్క క్షణం తగ్గగానే అది బ్యాటరీ మీదికి మారబోతుంది, అక్కడ బలము ఉండదు, కంప్యూటరు పడిపోతుంది. దీనిని పరీక్షించడం తేలిక. కంప్యూటరును ఆపి, తీగ తీసి, ఆ చోట 60 వాట్ల మామూలు బల్బు తగిలించండి. గోడ స్విచ్ ఆపండి. బల్బు వెలుగుతూనే ఉంటే మంచిదే. వెంటనే ఆరిపోతే బ్యాటరీ మార్చాలి. ప్లగ్గు వదులుగా ఉన్నదేమో, మూడవ పిన్నుకు ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి.

రెండవది వేడి, దుమ్ము. ప్రాసెసరు మీద ఒక ఫ్యాను, దాని కింద అల్యూమినియం రెక్కలు ఉంటాయి. మన ఇళ్లలో ధాన్యపు దుమ్ము, పొయ్యి మసి, దూది పోగులు చేరి ఆ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుంటాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో అనేకము 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వరకే ఓర్చుకుంటాయి. అది దాటితే కాలిపోకుండా తామే ఆగిపోతాయి. పని మొదలుపెట్టిన పావుగంటకో అరగంటకో ఆగి, చల్లారాక మళ్లీ బాగా నడుస్తూ ఉంటే వేడిని అనుమానించాలి. ప్లగ్గు పూర్తిగా తీసి, పక్క మూత విప్పి, మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయండి. బ్లోయరు వాడితే ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి. పెట్టెను గోడకు ఆనించకుండా, గాలి ఆడేటట్లు పెట్టండి. దుమ్ము పడకూడదని నడుస్తున్న యంత్రము మీద గుడ్డ కప్పేవారు ఉన్నారు. అది మేలు కాదు.

మూడవది ర్యామ్. పొడవాటి సన్నని పలక అది. వదులైనా, అంచున మురికి పట్టినా యంత్రము తడబడుతుంది. దానిని తీసి, బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, టక్కుమని శబ్దము వచ్చేవరకు తిరిగి నొక్కాలి. రెండు పలకలు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే చెడినది ఏదో తెలుస్తుంది. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప అంచును ఒకసారి తాకండి. మన ఒంటి మీది విద్యుత్తు ఆ భాగాలను పాడు చేయగలదు.

నాలుగవది ఎస్.ఎమ్.పి.ఎస్. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు ఇచ్చే పెట్టె ఇది. 12 వోల్టులు రావలసిన చోట 11.4 కన్నా తగ్గకూడదు, 12.6 కన్నా మించకూడదు. ముసలిదైనప్పుడు ఈ అదుపు తప్పుతుంది. దీనిని మాత్రం ఎవరూ ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచి ఉంటుంది. తెలిసినవారిచేత మరొకటి పెట్టించి చూడాలి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నవేమో కూడా చూడండి. 1999 నుండి 2007 మధ్య వచ్చిన బోర్డులలో ఈ జబ్బు ఎక్కువ.

ఐదవది చిన్నదే గాని తరచుగా మరచిపోయేది. ముందు వైపున ఉన్న రీసెట్ బటను లోపలికి ఇరుక్కుపోయినా కంప్యూటరు ఇలాగే చేస్తుంది. చీమలు, ముద్దలైన దుమ్ము చాలు దానిని బిగించడానికి.

ఇవన్నీ బాగున్నప్పుడు విండోస్ వైపు తిరగాలి. ఈవెంట్ వ్యూయర్ అనే చోట "సిస్టమ్" పట్టికలో 41 అనే సంఖ్య కనబడితే, యంత్రము సక్రమంగా మూయకుండానే పడిపోయిందని అర్థము. కారణము మాత్రం అది చెప్పదు. 1074 కనబడితే ఏదో ప్రోగ్రాము గాని మనిషి గాని కోరి మళ్లీ మొదలుపెట్టించినట్టు. సాధారణంగా అది అప్‌డేటు. ఇంకొక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. కనుక పాత కంప్యూటరులో బ్యాంకు పనులు చేసేవారు ఈ సంగతి గమనించాలి.

ఇంట్లోవారి తప్పు ఏమీ లేకుండా కూడా ఇది జరుగుతుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమంతా పాకింది. కంప్యూటరు తెర మీద 60 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మొదలయ్యేది. దానిని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ వారు అంతకు ముందు జూలైలోనే ఇచ్చారు గాని చాలామంది వేసుకోలేదు. 2024 జూలై 19న దీనికి వ్యతిరేకముగా జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన సవరణలోనే లోపము ఉండి, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. విమానాశ్రయాలలో, ఆసుపత్రులలో పనులు నిలిచాయి. ఆ బల్లల ముందు కూర్చున్నవారెవరూ చేసిన తప్పు కాదది.

మళ్లీ ఆ ఇంటికి వద్దాము. వారము గడిచాక క్యాలెండరు చూశాను. పెన్సిలుతో పదకొండు గుర్తులు ఉన్నాయి. అందులో తొమ్మిది సాయంత్రం ఆరు, ఎనిమిది గంటల మధ్యవే. బల్బు తెమ్మని యూపీఎస్‌కు తగిలించి గోడ స్విచ్ ఆపాము. బల్బు ఆ క్షణమే ఆరిపోయింది. తండ్రి ఆ బల్బు వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. మరునాడు కొత్త బ్యాటరీ వచ్చింది. పాత దానిలో సీసము, ఆమ్లము ఉంటాయి గనుక గట్టున పారవేయక దుకాణములోనే ఇచ్చి వేశారు. తరువాతి నెల క్యాలెండరు గడులు శుభ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు, ప్రార్థన మొదలుపెట్టక ముందే ఆ తండ్రి, "నాయనా, అడగకుండానే నీమీద వేశాను. తప్పు నాది" అన్నాడట. ఈ మాట ఆ తల్లి నాతో చెప్పింది. అబ్బాయి రాత్రిళ్లు ఆటలాడిన మాట నిజమే. దానిని గురించి తండ్రి మందలించవలసినదే. కాని అది వేరే సంగతి. చేసిన తప్పుకు బిడ్డను దిద్దవచ్చు. చేయని తప్పు మోపితే, తరువాత దిద్దడానికి వెళ్లినా వాడు వినడు.

యెరూషలేము ప్రాకారము పడిపోయినదని విన్న నెహెమ్యా అక్కడికి చేరగానే ఎవరినీ నిందించలేదు. మూడు రోజులు ఊరుకున్నాడు. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఎవరికీ చెప్పకుండా, పడిన గోడలను, కాలిన గుమ్మములను తన కన్నులతో చూశాడు. చూసిన తరువాతనే కట్టుదము రండని ప్రజలతో మాట్లాడాడు. మన ఇళ్లలో ఏది చెడినా ఆ వరుసే మనకు మంచిది. ముందు చూడాలి, అడగాలి. ఇంట్లో ఎవరిని అడగడం మనకు అలవాటు లేదో వారిని తప్పక అడగాలి.

తరువాతి ఆదివారం యౌవనస్థుల కూటములో ఆ అబ్బాయి వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు.

ప్రభువు మీ గృహములను సమాధానముతో నింపును గాక.