గీతమును వినిపించు విమర్శ

ఇంగ్లండు, అమెరికా దేశములందు 1960, 1970 దశకములలో వర్ధిల్లి, నేడు ‘క్లాసిక్ రాక్’ అను పేర వ్యవహరింపబడుచున్న సంగీతము పండితుల విచారణకు తగిన వస్తువు కాదని చిరకాలము ఒక అభిప్రాయముండెను. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ సాహిత్య బహుమానము లభించిన పిమ్మట ఈ అభిప్రాయము కొంత సడలినది. అయినను పలువురు భాషావేత్తలు ఆయన గీతములను పద్యములవలె పుటపై పరచి, అలంకారములను, ప్రతీకలను గుర్తించుటతో తృప్తి చెందుచున్నారు. ఇది సమంజసము కాదు. గీతము కేవలము సాహిత్యము కాదు. దానిని చెవికి పట్టించు విమర్శయే దానికి తగిన విమర్శ.

1965 జూన్‌లో న్యూయార్కునందు ధ్వనిముద్రణము పొందిన ‘లైక్ ఏ రోలింగ్ స్టోన్’ గీతమును నిదర్శనముగా గైకొనవచ్చును. అందు ఆర్గన్ వాయించిన ఆల్ కూపర్ గిటారు వాదకుడే కాని నాటికి ఆర్గన్‌లో ప్రవీణుడు కాడు. తక్కిన వాద్యములు స్వరము మార్చుట విని, ఆ వెనుక మెట్లు నొక్కుచు వచ్చెను. కావుననే ఆర్గన్ నాదము రవ్వంత వెనుకబడి, పాటను వెంబడించుచున్నట్లు వినబడును. ఉన్నతస్థితినుండి జారిపడి నిలువనీడ లేనిదైన స్త్రీని ప్రశ్నించు ఆ గీతమునకు ఈ వెనుకబాటు ఎంత బలము చేకూర్చినదో అచ్చులోని మాటలవలన తెలియరాదు. గ్రీల్ మార్కస్ 2005లో ఈ యొక్క గీతముపైననే ఒక గ్రంథము వెలువరించుట అతిశయము కాదు.

అయితే శాస్త్రపరిభాష ఉన్నంతమాత్రమున విమర్శకు లోచూపు కలుగదు. 1963 డిసెంబరులో విలియం మాన్ లండను ‘టైమ్స్’ పత్రికయందు బీటిల్స్ బృందమువారి గీతమొకటి ‘ఏయోలియన్ కేడెన్స్’ అను స్వరసమాప్తితో ముగియుచున్నదని వ్రాసి, దానిని మాలర్ కృతి ముగింపుతో పోల్చెను. గీతకర్తలలో ఒకడైన జాన్ లెనన్ తరువాత ఆ పదమును పరిహసించెను. పేరు పెట్టుట వేరు. అది శ్రోతయందు చేయు పనిని చూపుట వేరు. ఇయన్ మెక్‌డొనాల్డ్ 1994లో ప్రకటించిన ‘రివల్యూషన్ ఇన్ ది హెడ్’ ఈ రెండవ పనిని చేసినది. బీటిల్స్ గీతములను ధ్వనిముద్రణ క్రమమున ఒక్కొక్కటిగా పరిశీలించిన ఆ గ్రంథము, 1966 నాటి ‘టుమారో నెవర్ నోస్’లో తంబురా శ్రుతి నిలిచి, పాశ్చాత్యగీతములకు సహజమైన స్వరసంఘముల నడక దాదాపు ఆగిపోవుటను ఆనాటి చిత్తవృత్తితో ముడివేసి చూపినది.

విమర్శకుల తీర్పులు తప్పుచుండగా వారి మాటకు విలువ యేమని కొందరి ఆక్షేపము. 1967లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ ‘న్యూయార్క్ టైమ్స్’నందు ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమును నిరసించెను. లోకము ఆ తీర్పును అంగీకరింపలేదు. కాని ముద్రణశాలలోని చమత్కారములు గీతమును మింగివేయుచున్నవా యను సంశయమును అది నిలిపిపోయినది. తీర్పు కాలముతో పోవును; శ్రద్ధగా విన్న చెవి లేవనెత్తిన ప్రశ్న నిలుచును.

భారతీయభాషల పరిశోధకులకు ఇందు గ్రహింపదగినది కలదు. తాళ్లపాక రాగిరేకులపై పదములకు రాగనామములున్నవి. నాటి వరుసలు చాలవరకు నిలువలేదు. అచ్చట మాటలనే ఆశ్రయించుట అనివార్యము. కాని 1902లో కలకత్తానందు గౌహర్ జాన్ గానము ముద్రితమైన నాటినుండి ఈ దేశమున ధ్వనియే సాక్ష్యముగా నిలిచియున్నది. అయినను సినిమాపాటలపై వెలువడు వ్యాసములు పెక్కు కవిపేరు, ఛందస్సు, అలంకారములు చెప్పి ఊరకుండును. గాయకుని ఊపిరి, వాద్యముల పొందిక, ముద్రణశాల పద్ధతి వానికి పట్టవు. ఆ పాటలకు వాయించిన వాద్యకారుల పేర్లు అనేకము రికార్డులపై లేవు. వృద్ధులైన వారి జ్ఞాపకములందు మాత్రమే మిగిలియున్నవి. ఆల్ కూపర్ వృత్తాంతము లోకమునకు తెలిసినది, ఆయన చెప్పగా వ్రాసికొన్నవారుండుటచేతనే. ఇచ్చట అడుగువారు ఆలస్యించినచో చెప్పువారు మిగులరు.

పాటపై పరిశోధన చేయు విద్యార్థి పుస్తకమును తెరచుటకు ముందు రికార్డును పదిమార్లు వినవలెను. విన్నదానిని తన భాషలో, తోటి శ్రోత గుర్తుపట్టునట్లు చెప్పగలిగిననాడే ఆతని వ్యాసము గీతవిమర్శ యగును.