మిషను పక్కన మూరెడు చోటు

మూడేళ్ల కిందట మాఘమాసంలో మా చిన్నోడు ఓ పెండ్లికూతురి జాకెట్టు గుడ్డను నడిమికి కత్తిరించాడు. తన మట్టి ఎద్దుకు పట్టుగుడ్డ కప్పాలని వాడి ఆశ. అహోబిలం స్వామి పార్వేటకు వచ్చి ఊరూరూ తిరిగే రోజులవి. కనుమనాడు మొదలై నలభై రోజులు సాగే ఆ వేడుకకు ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు, జాకెట్లు కుట్టించుకుంటారు. పైగా పెండ్లిళ్లు. నాకు ఊపిరి సలపని కాలం. గుడ్డకు డబ్బు కట్టిచ్చాను, మాట పడ్డాను. మర్నాడే గదికి లోపల గడియ వేసుకున్నాను.

ఆ గడియ నాలుగు రోజులు కూడా నిలవలేదు. బయట వాడి ఏడుపు, లోపల నా మిషను. మా పెద్ద కూతురు నోటుపుస్తకం పట్టుకొని తలుపు కొట్టేది. లేచి తెరవడం, మళ్లీ కూర్చోవడం. రోజుకు ఆరు జాకెట్లు కుట్టే చేయి నాలుగు దగ్గరే ఆగిపోయింది.

మాది కొత్తపల్లె. సరుకు కావాలంటే ఒకసారి నంద్యాలకు, ఒకసారి ఆళ్లగడ్డకు పోయొస్తుంటాను. ముందు గది పదడుగులకు తొమ్మిదడుగులు. అందులోనే మిషను, అందులోనే పిల్లల చదువు, ఎవరైనా వస్తే కూర్చోబెట్టేదీ అక్కడే. ‘పని దగ్గరికి పిల్లల్ని రానీయొద్దు’ అని సలహా ఇచ్చేవాళ్ల ఇళ్లలో గదులు నాలుగుంటాయి. ఒక్క గది ఉన్నవాళ్లు పిల్లల్ని తోలేస్తే పని సాగదు, వాళ్ల ఇష్టానికి వదిలేస్తే గుడ్డ మిగలదు. గదిలో వాళ్లకూ వాటా రాసిస్తేనే రెండూ నిలుస్తాయి. నేను చేసింది అదే.

మా వైపు నాపరాయికి కరువు లేదు. బేతంచెర్ల బండలు మూడు తెచ్చి గోడకు మూడు అరలు కట్టించాం. పై అర నా చెయ్యెత్తుకు. కత్తెరలు, ఇస్త్రీపెట్టె, హుక్కుల డబ్బా, జనం ఇచ్చిన గుడ్డలు అక్కడే. ఎవరి గుడ్డ వాళ్ల కొలత జాకెట్టులో చుట్టి మూట కడతాను, చీటీ గుచ్చుతాను. నడిమి అరలో దారం రీళ్లు, లైనింగులు, ఫాల్సులు. కింది అర పిల్లలది. ఖాళీ మిఠాయి డబ్బాల్లో రంగుల వారీగా కట్‌పీసులు, సుద్దముక్కలు, చిల్లులు పొడిచిన అట్టలు, మొన మొద్దుబారిన దబ్బనం, ఊలు దారం. ఆ అరలో నేను చెయ్యి పెట్టను, పై అరలో వాళ్లు చెయ్యి పెట్టరు. సుద్దతో గీసిన గీత కంటే ఈ ఒప్పందం గట్టిది.

సూదుల విషయంలో మాత్రం ఒప్పందాన్ని నమ్మలేదు, లెక్కను నమ్మాను. పొద్దున ఐదు సూదులు తీస్తే రాత్రికి ఐదూ సూదులమెత్తకు చేరాలి. మిషను సూది విరిగితే ముక్కలు రెండూ దొరికేదాకా తొక్కను. దొరికినవి మాత్రల సీసాలో వేసి మూత బిగిస్తాను. పాడైన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి రోజూ నేలంతా ఈడ్చడం పెద్దదాని పని. బండల సందుల్లో సూదులు దాక్కుంటున్నాయని సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను. పని అయిపోగానే చక్రం మీది బెల్టు జారుస్తాను, అప్పుడు పిల్లలు పెడలు తొక్కినా సూది కదలదు. గుండీలకు మూత సీసా. మా చెల్లెలి బిడ్డ పాకే వయసులో వచ్చినప్పుడు ఆ సీసా కూడా పై అరకెక్కింది.

పిల్లలకు అందే ఎత్తులో అర పెట్టడం నా తెలివి కాదు. 1907లో రోము నగరంలో పేదల పిల్లల కోసం బడి తెరిచిన మరియా మాంటిస్సోరి బల్లల్నీ అరల్నీ వాళ్ల కొలతకే చేయించింది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, గుండీలు పెట్టడం, హుక్కులు తగిలించడం నేర్పించింది. 1939లో మద్రాసుకొచ్చి మన టీచర్లకూ శిక్షణ ఇచ్చింది. ఆ చట్రం చేసుకోవడానికి మా ఇంట్లో పాత మగ్గం వర్క్ ఫ్రేము ముక్క చాలింది.

ఇక్కడ నా తప్పూ ఒకటి చెప్పాలి. నిరుడు పెండ్లిళ్ల కాలంలో పెద్దదానితో హుక్కులు కుట్టించాను. మొదట సరదా. తర్వాత రాత్రి పది దాటేది. ‘బిడ్డ తరగతిలో కునుకు తీస్తోందమ్మా’ అని టీచరమ్మ చెప్పినప్పుడు తల ఎత్తలేకపోయాను. బడి అయ్యాక ఇంటి పనిలో పిల్లలు సాయపడొచ్చని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం అంటోంది. చట్టం ఒప్పినా కునుకు ఒప్పదు. ఆ రోజు నుంచి జనం గుడ్డ మీద పిల్లల చెయ్యి పడనీయను. తన బొమ్మకు పావడా కుట్టుకుంటే కుట్టుకోనీ.

ఇంకో మాట ప్రభుత్వాలకు. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు, పనిముట్లకు 15 వేల రూపాయలు ఇస్తారు. మంచిదే. 2020 డిసెంబరులో మా రాష్ట్రంలోని పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇంటి పట్టాలు ఇచ్చారు, అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. అదీ మంచిదే. ఈ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఆ ఇంట్లో ఆ మిషను ఎక్కడ పెట్టాలో ఎవరూ గీయలేదు. చేనేతవాళ్ల పాత ఇళ్లు చూడండి. గుంట మగ్గానికి ముందే చోటు విడిచి తర్వాత మిగతా ఇల్లు కట్టుకున్నారు. పక్కనే కూర్చొని కండెలు చుట్టే పిల్లలకూ ఆ ఇంట్లో చోటుండేది.

కొత్త ఇళ్ల నమూనా గీసే ఇంజినీర్లను నేను అడిగేది పెద్ద గది కాదు. ముందు గదిలో ఎడమ పక్క నుంచి వెలుతురు పడే కిటికీ, దాని కింద మిషను పట్టే నాలుగడుగుల చోటు, గోడకు మూడు బండలు. మూడో బండ నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉండాలి, అది పిల్లలది.