జీవన ఎరువులకు కణాల లెక్క ఒక్కటే చాలదు

జీవన ఎరువులు 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. దాని ప్రకారం భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల సజీవ కణాలు ఉండాలి. కరిగించే సామర్థ్యాన్ని కూడా ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఈ ప్రమాణాలు అవసరమే. అయితే ప్యాకెట్‌లో బతికి ఉన్న కణం పొలంలో వేరును పట్టుకొని ఉంటుందా అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం లేదు.

ఆ సమాధానం కొంతవరకు కణం లోపలి ఒక చిన్న అణువుపై ఆధారపడి ఉంది. 1987లో జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన మోషే బెంజిమన్ బృందం, సెల్యులోజ్‌ను తయారుచేసే ఒక బాక్టీరియాలో సైక్లిక్ డై-జీఎంపీని గుర్తించింది. తరువాత ఇది అనేక బాక్టీరియాలలో కనిపించింది. రెండు జీటీపీ అణువులను కలిపి దీనిని తయారుచేసే ఎంజైములు కొన్ని, విచ్ఛిన్నం చేసేవి మరికొన్ని. పరిసరాలను బట్టి వీటి పనితీరు మారుతుంది. సాధారణంగా ఈ అణువు స్థాయి పెరిగితే బాక్టీరియా కదలిక మాని జిగురు పొరలో గుంపుగా స్థిరపడుతుంది. తగ్గితే విడివడి కదిలిపోతుంది.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌లో జరిపిన అధ్యయనం మనకు మరింత ముఖ్యం. ఈ బాక్టీరియాకు చెందిన ఒక రకంలో, భాస్వరం కొరవడినప్పుడు రాప్‌ఎ అనే ఎంజైము సైక్లిక్ డై-జీఎంపీని విచ్ఛిన్నం చేస్తుంది. దాని స్థాయి పడిపోవడంతో, కణాన్ని ఉపరితలానికి అంటిపెట్టి ఉంచే లాప్‌ఎ ప్రోటీను తెగి విడిపోతుంది. కణం పట్టు వదులుతుంది. భాస్వరం అందని నేలలో పనిచేయాలని మనం బాక్టీరియాను వాడుతున్నాం. సరిగ్గా ఆ కొరతలోనే ఒక రకం పట్టు వదలడం ఆలోచించవలసిన విషయం. ప్రయోగశాల ఫలితాన్ని అన్ని రకాలకు, మన నేలలకు నేరుగా అన్వయించరాదు. కానీ మనం సిఫారసు చేసే రకాలను పరీక్షించకపోవడానికి అది సాకు కారాదు.

అందువల్ల రకాల ఎంపికను పెట్రి పళ్లెంలోని వలయం కొలతతో ముగించరాదు. భాస్వరం తక్కువ, మధ్యస్థ, అధిక స్థాయిలలో ఉన్న నేలల్లో, విత్తిన 15, 30 రోజులకు వేర్లపై నిలిచిన కణాలను లెక్కించాలి. నేలలో సహజంగా ఉన్నవాటి నుండి మనం వేసిన రకాన్ని వేరుచేసి గుర్తించే ఏర్పాటు ముందే ఉండాలి. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనకు ఇది తగిన అంశం. క్షేత్ర ప్రదర్శనల నివేదికల్లో దిగుబడితో పాటు భూసార పరీక్ష ఫలితాలనూ, వేర్లపై కణాల సంఖ్యనూ నమోదు చేయాలి.

జీవన ఎరువు ఫలితమివ్వలేదని రైతు చెప్పినప్పుడు, నిల్వలోనో వాడకంలోనో లోపం ఉందని మనం అంటుంటాం. అది నిజమే కావచ్చు. కానీ వేరును పరిశీలించకుండా రైతును తప్పుపట్టడం శాస్త్రం కాదు.