గువ్వలచెరువు ఘాట్ ఎక్కడానికి గేర్ల సెట్టంతా మార్చక్కర్లేదు

సంపాదకులకు,

ఘాట్ ఎక్కాలంటే రోడ్డు సైకిలుకు గేర్ల సెట్టంతా మార్చాల్సిందేనన్న మీ వ్యాసంతో నేను ఏకీభవించను. సెకండ్ హ్యాండ్ సైకిళ్ళు తొక్కే కర్నూలు, కడప కుర్రాళ్ళను ఖర్చు పేరు చెప్పి కొండలకు దూరం చేయకండి. షిమానో పాత 10 స్పీడు రోడ్డు షిఫ్టర్లతో అదే కంపెనీ 9 స్పీడు మౌంటెన్ బైక్ వెనక డిరైలర్ చక్కగా పనిచేస్తుంది; రెండింటికీ కేబుల్ లాగుడు లెక్క ఒకటే. షిమానో టియాగ్రా 4700 షిఫ్టర్లకు మాత్రం ఇది కుదరదు. 10 స్పీడు మౌంటెన్ డిరైలర్ కూడా కొనొద్దు, డబ్బు దండగ. ఆ 9 స్పీడు డిరైలర్ పెట్టి, వెనక 11-34 పళ్ళ క్యాసెట్ వేస్తే చాలు. ముందు 34 పళ్ళకు వెనక 28 ఉంటే పెడల్ ఒక చుట్టుకు సుమారు రెండున్నర మీటర్లు లాగాలి. వెనక 34 అయితే రెండు మీటర్ల పైచిలుకే. గువ్వలచెరువు మలుపుల్లో, మన ఎండలో, మోకాళ్ళకు అది పెద్ద ఊరట. గొలుసు కూడా పొడవుది వేయించాలి. పొట్టిదైతే పెద్ద పళ్ళచక్రాల మీద బిగుసుకుని డిరైలర్ విరగవచ్చు.

– ఒక పాఠకుడు, కడప