హనుమంతుని పాచికల పాలు చేయవలదు

మేమెరిగిన యొక తెలుగు సంఘమున ఇటీవల ఒక చిన్న వివాదము పుట్టినది. ఆ సంఘపు పిల్లలు నలుగురైదుగురు ఆదివారపు మధ్యాహ్నములయందు సంఘభవనములో ఒక బల్లయు ఐదు కుర్చీలును ఇప్పింపుమని యడిగిరి. వారాడదలచినది సూపర్‌హీరోల ఆట. పెద్దలు ఆలోచించి, "మనకు హనుమంతుడు లేడా, భీముడు లేడా? వారిని పెట్టి ఆడుదురేని బల్ల ఇత్తుము, లేనిచో లేదు" అని తీర్మానించిరి. పిల్లలు మారు పలుకక వెడలిపోయిరి. ఈ తీర్మానము భక్తికి మేలు చేయదు, ఆటకు మేలు చేయదు, తెలుగునకు అసలే చేయదు అని మా యభిప్రాయము.

ముందుగా ఆ ఆట యేమో చెప్పవలెను. ఏలయన తీర్మానించినవారిలో దానిని చూచినవారొక్కరును లేరు. ఇది చదరంగము వంటిది గాదు. తెరమీద వేళ్లతో ఆడునదియు గాదు. బల్లచుట్టు కూర్చుండి నోటితో ఆడునది. ఒకడు సూత్రధారుడు. "రాత్రి పది గంటలకు మీరు రైలు దిగితిరి, స్టేషనులో దీపములు లేవు" అని అతడనును. తక్కినవారు తలకొక పాత్ర వహించి తామేమి చేయుదురో చెప్పుదురు. చేసిన పని ఫలించునో లేదో సందేహమైనచోట పాచికలు వేయుదురు. గెలుపోటములు లేవు, కథ నడచుటే ఆట. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర ఇట్టి ఆట అచ్చయినది. 1981లో సూపర్‌హీరోలకై 'ఛాంపియన్స్' అనునది వెలువడినది. ఇందలి యేర్పాటు మాబోటి గుమాస్తాలకు చూడగనే నచ్చును. ప్రతి శక్తికిని వెల యున్నది. ఎగురుటకు ఇన్ని అంకములు, బలమునకు ఇన్ని. ఆ వెల చెల్లించుటకు లోపములను జమకట్టుకొనవలెను: దాచవలసిన పేరు, పోషింపవలసిన తల్లి, వెంటాడు శత్రువు. లోపములు లేనివానికి శక్తియు కొలదిగనే దక్కును.

అయితే వీరునికంటె ముందు వీరుడు తిరుగు లోకమును కల్పింపవలెను. శక్తి ఎక్కడనుండి వచ్చెను, ఎందరికి వచ్చెను, పోలీసులేమందురు, పక్కయింటివారేమందురు? ఇవి తేలనిదే ఆట పది నిమిషములు నడువదు. దీనికి మాకు తెలిసిన మేలైన నిదర్శనము 'వైల్డ్ కార్డ్స్'. 1983లో అమెరికాలోని ఆల్బుకర్కీ పట్టణమున జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సూత్రధారుడుగా కొందరు రచయితలు 'సూపర్‌వరల్డ్' అను ఆట ఆడనారంభించిరి. ఆ ఆటనుండియే 1987లో ఒక కథాసంపుటముల వరుస పుట్టినది. ఆటను పుస్తకముగా మలచునపుడు వారు చేసిన ఘనకార్య మొక్కటే: అందరి శక్తులకు ఒకే కారణము నిర్ణయించిరి. 1946 సెప్టెంబరు 15న న్యూయార్కుపై పరలోకపు వ్యాధిబీజ మొకటి చిమ్మబడినది. సోకిన నూరుమందిలో తొంబదిమంది చత్తురు, తొమ్మండుగురు వికృతరూపు లగుదురు, ఒక్కనికి మాత్రము శక్తి యబ్బును. ఆ ఒక్కడు ఎగురుచుండగా క్రింద తొంబదితొమ్మిది కుటుంబములు తలయెత్తి చూచుచుండును. లోకమును కల్పించుట యనిన ఇది.

ఇక హనుమంతుని సంగతి. పాచిక తప్పుగా పడినచో హనుమంతుడు సముద్రమున పడవలెనా? పడునన్నచో భక్తుడు సహింపడు. పడడన్నచో పాచిక యేల? అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చి సుఖముగా వెలికి వచ్చినచో అది భారతము గాదు. రానేరాడని ముందే తెలిసినచో ఆ పాత్ర వహించిన బాలునికి చేయవలసిన పని లేదు. పురాణము జరిగిన కథ. ఆటకు కావలసినది ఇంకను జరుగని కథ. ఒక మాట ఒప్పుకొందుము. జాంబవంతుడు గుర్తు చేయువరకు హనుమంతుడు తన బలము నెరుగకపోవుట, ఆపత్కాలమున కర్ణునికి అస్త్రము స్ఫురింపకపోవుట, ఇవి ఆటగాండ్రు వెదకు లోపములే. ఆ యుక్తిని పిల్లలు తీసికొందురుగాక; మూర్తులను గుడిలోనే యుంచుదము.

పైగా సూపర్‌హీరో మనకు పరాయివాడని పెద్దలనుకొనుట మాకు విచిత్రముగా తోచుచున్నది. 1938లో సూపర్‌మాన్‌ను లోకమునకు చూపిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులిద్దరును వలసవచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. వారి వీరునికి పుట్టినచోట ఒక పేరు, పెరిగినచోట వేరొక పేరు; పగలు పత్రికలో ఉద్యోగము. ఇంట ఒక మాట, కచ్చేరీలో ఒక మాట, సంతలో ఒక మాట మాటలాడుచు తరములు గడపిన మనకంటె ఈ రెండు పేర్ల బ్రతుకు ఎవరికి తెలియును? భీమునికి ఇట్టి చిక్కు విరాటుని కొలువున ఒక్క యేడు మాత్రమే.

పిల్లల పక్షమున మాటలాడుచున్నాము గాని, వారు తెచ్చిన కాగితములును మాకు నచ్చలేదు. ఊరు న్యూయార్కు, వీథులకు అంకెలు, ఎన్నడు చూడని ఆకాశహర్మ్యములపైనుండి దూకుట. ఆ ఊరి టీకొట్టులో ఏమి వినబడునో సూత్రధారుడు చెప్పలేడు. ఏల? కోలారు గనులు లేవా? 1902లోనే శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చిన ఊరు అది. నేల క్రింద మూడు కిలోమీటర్లకు మించి త్రవ్విన ఊరు. 1965లో అచ్చటనే రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున మన టాటా సంస్థవారు, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి, ఆకాశమునుండి వచ్చు కిరణములవలన పుట్టు న్యూట్రినోలను పట్టిరి. అవి భూమినంతయు దూసికొనిపోయినను ఎవనికిని తెలియని కణములు. ఎవనికి నేమియు చేయవు. కాని ఆటలో "చేసెననుకొందము" అన్న చాలును. ఆనాడు ఆ సొరంగమున ఉన్నవారెవ్వరు? శాస్త్రజ్ఞులు కొందరు, కూలీలు కొందరు. అందెవ్వనికి శక్తి వచ్చెను? ఇంట చెప్పెనా? 2001లో గనులు మూతపడిన పిదప ఆ శక్తితో అతడు పొట్ట పోసికొనుటెట్లు? మారికుప్పమునుండి వేకువ రైలెక్కి బెంగళూరు పోవలసినదేనా? ఒక చారిత్రక సంవత్సరమును పట్టుకొనినంతనే ఇన్ని ప్రశ్నలు వచ్చినవి, చూడుడు.

ఇందు జాగ్రత్త కూడ కావలెను. ఆ గనులలో రాయి పగిలి చచ్చినవారు, ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారు నిజముగా నుండిరి. తాతను అట్లు పోగొట్టుకొన్న బాలుడు ఆ బల్లయొద్దనే కూర్చుండియుండవచ్చును. కావున నిజమైన ప్రమాదమును వీరుని చేత ఉత్తుత్తిగా నాపింపరాదు. చచ్చినవారి పేర్లు వాడరాదు. శత్రువును తమిళునిగానో కన్నడిగునిగానో కల్పించుట మాత్రము మేము చూచుచు నూరకుండము. అప్పటి ఉత్తరార్కాటు ప్రాంతమునుండి వచ్చిన తెలుగువాడు తమిళునితో కలిసి ఒక్క పంజరములో గనికి దిగినాడు.

తెలుగునకు మేలు చేయదంటిమి గదా, ఆ మాట మిగిలియున్నది. మా మనుమలకు తెలుగు అక్షరములు రావు. బడిలో కన్నడము, ఇంగ్లీషు. సంఘమువారు బాలశిక్షలు పంచిరి, పద్యపోటీలు పెట్టిరి. కంఠస్థము చేసిన పద్యము బహుమానమందుకొనిన మరునాడు మరచిపోయిరి. ఈ ఆటకు అక్షరము అక్కరలేదు, మాట కావలెను. బెదిరించుట, బ్రతిమాలుట, బేరమాడుట, అబద్ధమాడి తప్పించుకొనుట, ఇన్నియు నోటితో చేయవలెను. కోలారు కూలి తన తల్లితో ఇంగ్లీషున మాటలాడునా? న్యూయార్కు వీరుడు తెలుగున మాటలాడునా? ఊరును బట్టి మాట వచ్చును. అందుకే ఊరిని గూర్చి ఇంత గోల చేయుచున్నాము. హనుమంతుని పెట్టి ఆడుమన్న పెద్దలు ఆయన చేత ఏ తెలుగు పలికింతురు? దూరదర్శన నాటకములోని తెలుగా?

ఇంటివద్ద పిల్లలకు ఈ కోలారు ఊహ చెప్పితిమి. ఆ రాత్రి ఊరి పటము గీయ మొదలిడిరి. స్టేషను గీచిరి, ఊరిపైకి దుమ్ము లేపు సయనైడు దిబ్బలు గీచిరి. అందరిలో చిన్నది మాత్రము పెన్సిలు క్రింద పెట్టి, "తాతా, గని మూసేసినాక లోపల నీళ్లు నిండిపోయినాయంట గదా, మనవాడికి ఈత వస్తుందా?" అని యడిగినది. రాదని వ్రాసికొనిరి. దానికి ఎన్ని అంకములు జమకట్టవలెనో ఇంకను తేలలేదు.