మంచు మెట్లపై నుప్పు

విశాఖపట్టణమున నీరు గడ్డకట్టు చలి లేదు. ఇచ్చట నుండి మంచును కరిగించు విధమును వ్రాయుట యేల యని మీరడుగవచ్చును. నేడు మన పట్టణమున ననేక గృహముల బిడ్డలు చికాగో, టొరంటో మొదలగు శీతనగరములలో కాపురములు చేయుచున్నారు. కుమార్తె పురిటికో, కోడలికి సాయమునకో తల్లులు పుష్యమాఘములలో సైతము విమానమెక్కి పోవుచున్నారు. అచ్చటి వాకిటి మెట్లపై నీరు రాత్రికి రాత్రియే గాజువలె గడ్డకట్టును. పెద్దవయసున నొక్క జారుపాటుతో తుంటియెముక విరిగినచో నెలల తరబడి మంచమే గతి. కావున నిది మన యింటి విషయమే.

ఆ దేశములవారు మంచుపై నుప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. అందువలన మంచు కరగును. కాని యా నీరు కాంక్రీటులోని సన్నని రంధ్రములలో నింకి, చలి హెచ్చినపుడు మరల గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు నూటికి సుమారు 9 వంతులు ఉబ్బి పైపొరను పెచ్చులుగా నూడదీయును. లోపల ఇనుప చువ్వలున్నచో ఉప్పులోని క్లోరైడు వానిని చేరి తుప్పు పట్టించును. తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటు నాక్రమించును గనుక కాంక్రీటు పగులును. సముద్రపుగాలి సోకు మన డాబాలలో పెచ్చులూడి యెఱ్ఱని చువ్వలు బయటపడుట మనమెఱుగనిది కాదు. ఇచ్చట గాలి తెచ్చునది, అచ్చట చేయి చల్లునది, రెంటను శత్రువొక్కటే.

అట్లని ఉప్పు మానుడని మేము చెప్పము. మనిషి యెముకకంటె మెట్టు విలువైనది కాదు. కూరలో నుప్పువలె దీనికిని కొలత యుండవలెనని మాత్రమే మా మనవి.

మంచు పడినంతనే, అది కాళ్లక్రింద నణగి గట్టిపడకమునుపే, పారతో నెత్తివేయవలెను. మిగిలిన పలుచని పొరపై మాత్రమే ఉప్పు పలుచగా చల్లవలెను. ఇరువది యడుగుల వాకిటి బాటకు పెద్ద కాఫీకప్పెడు చాలును. సున్నకు దిగువ 9 డిగ్రీలు దాటిన చలిలో సామాన్యపు టుప్పు అంతగా పనిచేయదు. ఎంత గ్రుమ్మరించినను వ్యర్థమే. అట్టి చలిలో కాల్షియం క్లోరైడు పనిచేయును గాని, చేతికి తొడుగు లేక దానిని తాకరాదు. లేదా పొడి యిసుక చల్లుడు. అది మంచును కరిగింపకున్నను కాలికి పట్టు నిచ్చును, కాంక్రీటునకు హాని చేయదు.

కరిగిన బురదను వెంటనే ప్రక్కకు త్రోసివేయవలెను. మెట్లు ఆరిన పిదప మిగిలిన గింజలను ఊడ్చి, మరల వాడుటకు దాచుకొనవలెను. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు అను ఎరువులను ఎన్నడును వాడరాదు. అవి కాంక్రీటునే తినివేయును. వేడినీరు పోయుటయు తగదు. అది కొంతసేపటికే క్రొత్త గాజుపలకయై కాలు జార్చును. ఇంట కుక్కయున్నచో, బయటనుండి వచ్చినపుడు దాని పాదములు కడుగవలెను. ఉప్పు వానిని మండించును. మన చెప్పులతో మాత్రము గడప దాటవలదు. అడుగున పట్టుగల బూట్లే శరణ్యము.

మంచుదేశములలో కాంక్రీటు కలుపునపుడే సూక్ష్మమైన గాలిబుడగలు నిలుచునట్లు చేయుదురు. గడ్డకట్టు నీటికి అవి చోటిచ్చును. ఐనను క్రొత్తగా పోసిన మెట్లపై మొదటి శీతకాలమున ఉప్పు చల్లకుండుటే మేలు. కావున ఈ మాసము బిడ్డలతో మాటాడునపుడు, భోజనము చేసితిరా యని యడిగిన తరువాత, వాకిటి మెట్లు ఎప్పుడు పోసినవో కూడ నడుగుడు. ఈ సంవత్సరమే యన్నచో, ఇసుకబస్తా నొకటి తెచ్చి వాకిటనుంచుమని చెప్పుడు.